ఎడమ బూటులో మట్టి

నీళ్ల డాక్టరమ్మ ఎడమ బూటు పగిలిందని కబురు రాగానే, నిజం చెప్పొద్దూ, నాకు బాధ కన్నా ముందు సంతోషమే కలిగింది. పెద్ద విగ్రహం పని చేతికొచ్చి నాలుగేళ్లయింది. ఈ మధ్య నేను చేసినవన్నీ గంటలు, తలుపుల పిడులు, ఉద్యోగం నుంచి దిగిపోయిన పెద్దమనుషుల తలకాయలు. తలకాయలు చేస్తే పూట గడుస్తుంది గానీ చేతికి తృప్తి ఉండదు. తొమ్మిదడుగుల కంచు మనిషి దగ్గరికి మళ్లీ పనిముట్ల సంచీతో వెళ్తున్నానన్న హడావిడిలో ఆ పొద్దున చెప్పులు కూడా కుడిది ఎడమకు, ఎడమది కుడికి తొడుక్కున్నాను.

ఈ ఊళ్లో డాక్టరమ్మ తెలియనివాళ్లు లేరు. వందేళ్ల కిందట జ్వరం వచ్చి ఇంటికి ఇద్దరు చొప్పున పోతుంటే, జబ్బు గాలిలో ఉందని పెద్దలంతా కిటికీలు మూసుకుని కూర్చున్నారట. ఈవిడొక్కతే మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు తొడుక్కుని మురుగు కాలువల్లోకి దిగింది. బావి బావికీ తిరిగి సీసాల్లో నీళ్లు పట్టింది. జబ్బు గాలిలో కాదు, మీరు తాగే నీళ్లలోనే ఉందని చూపించింది. ఇప్పుడు ఆవిడ కనిపెట్టిన సంగతి ఎక్కడెక్కడి పిల్లలో చదువుకుంటున్నారు. విగ్రహంలో కూడా అవే బూట్లు, పొడవాటి కోటు, వెలుతురుకేసి ఎత్తిపట్టిన సీసా. ఒక కన్ను కొంచెం చికిలించి ఉంటుంది. ఒక పక్క నీటి సరఫరా ఆఫీసు, ఇంకో పక్క గ్రంథాలయం, ఎదురుగా పరీక్షల ల్యాబు. నడుమ ఆవరణలో ఆవిడ. మధ్యాహ్నం ఆవిడ నీడ ఎటు జరిగితే గుమాస్తాల టిఫిన్ డబ్బాలు అటు జరుగుతాయి.

ఆ విగ్రహాన్ని ముప్పై ఆరేళ్ల కిందట మా షెడ్డులోనే పోతపోశారు. పోత మేస్త్రి మా నాన్న. మైనం పని మైనం మామది. మామ అంటే చుట్టరికం ఏమీ లేదు. నాన్నా ఆయనా గ్లాసుడు టీ తెప్పించుకుని చెరిసగం తాగేవాళ్లు, అంత స్నేహం. నన్ను భుజాల మీద ఎక్కించుకుని తిప్పిన మనిషి, మామ అనక ఏమంటాను? విగ్రహం చేసేనాటికి నాకు పంతొమ్మిదేళ్లు.

ఈ పని తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు చెప్పాలి. కంచు విగ్రహం లోపల డొల్ల. ముందు మట్టితో మనిషి ఆకారం చేస్తారు, అది నిలబడడానికి లోపల ఇనుప కడ్డీలు పెడతారు. దాని మీద మైనం పూత, మైనం మీద మళ్లీ మట్టి. కాలిస్తే మైనం కరిగి కారిపోతుంది. ఆ ఖాళీలో కంచు పోస్తారు. కాబట్టి మైనం ఎంత మందమో కంచు అంతే మందం. ఆఖర్న లోపలి మట్టినీ కడ్డీలనూ విగ్రహం నడుము వెనక వదిలిన కన్నంలోంచి తీసేసి, కన్నానికి కంచు బిళ్ల అతికిస్తారు. మట్టి తవ్వే పని నాది. ఆ కన్నంలో దూరే సన్నటి చెయ్యి షెడ్డు మొత్తానికి నా ఒక్కదానిదే.

విగ్రహం నిలబెట్టిన ఆరేళ్లకు ఎడమ బూటు మీద వెంట్రుకవాసి చీలిక కనబడింది. ఐదుగురు పెద్దలతో కమిటీ వేశారు. ఆ ఐదుగురిలో జన్మలో మైనం ముట్టుకున్నవాడు ఒక్కడూ లేడు. లోపలికి తొంగిచూసే సాధనాలు అప్పుడు మా దగ్గర లేవు. అక్కడ మైనం పలచగా పెట్టడం వల్ల కంచు పలచబడి చీలిందని రాసేసి, పైన ఒక అతుకు వేయించి, చేతులు దులుపుకుని వెళ్లిపోయారు. లెక్క ప్రకారమే పెట్టాను బాబూ అని మామ ఒక్కొక్కరి గుమ్మం ఎక్కి చెప్పుకున్నాడు. వింటేగా! ఆ తర్వాత ఎవరూ ఆయనకు విగ్రహం పని ఇవ్వలేదు. మా నాన్న కూడా ఇవ్వలేదు. మామ ఊరి చివరికి ఇల్లు మార్చి కొవ్వొత్తులు పోసుకుని బతికాడు. ‘పీనాసి మైనం’ అని ఆయనకో పేరు స్థిరపడింది. ఆ పేరు పెట్టింది నేనే. నలుగురిలో నవ్వు కోసం అన్నాను. నాకు నోటి దూల కాస్త ఎక్కువ. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేం అంటారు. నాకైతే అప్పట్లో తీసుకోవాలని కూడా అనిపించలేదు.

నేను వెళ్లేసరికి విగ్రహం చుట్టూ తాడు కట్టి ఉంది. నీటి ఆఫీసు ఇంజినీరమ్మాయి నా కోసం కాచుకుని నిలబడింది. ముప్పై ఏళ్లుంటాయేమో. మాటకు ముందు మేస్త్రమ్మగారూ అంటుంది, మాట తర్వాత కూడా అదే అంటుంది.

“మేస్త్రమ్మగారూ, పడిపోతుందంటారా?”

“ఇవాళైతే పడదు. లోపల చూస్తేగానీ మిగతాది చెప్పలేను.”

“పగలడానికి కారణం కూడా మీరు రాసివ్వాలండీ. ఆ కాగితం ఉంటేనే రిపేరుకు అనుమతిస్తారు. రిపేరు ఎలాగూ మీకే అనుకోండి, మేస్త్రమ్మగారూ.”

ఆవరణలో టీ అమ్మే ఆయన అప్పటికే గ్లాసుతో వచ్చి నిలబడ్డాడు. “కారణం నన్నడగండమ్మా, నేను చెప్తా. వెనకటికి పీనాసి మైనం అని ఒకడుండేవాడు. తలకాయ చేసేటప్పుడు దండిగా పెట్టాడు, కోటుకొచ్చేసరికి చెయ్యి వణికింది, బూటుకొచ్చేసరికి మిగిలిన మైనం ఇంటికి పట్టుకుపోయాడు!”

ఇంజినీరమ్మాయి నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వి ఊరుకోక, ఆ పేరు నేను పెట్టిందేనని గొప్పగా చెప్పుకున్నాను. అందుకని ఆ టీ ఊరికే ఇచ్చాడు.

పనిలోకి దిగాక నవ్వు తగ్గింది. చీలిక జానెడు పొడవుంది. అంచులు రెండూ బయటికి ఉబ్బి ఉన్నాయి. పలచబడిన రేకు చీలితే అలా ఉబ్బదు. ఇది లోపలి నుంచి ఏదో తోసినట్టుంది. కింద మడమ దగ్గర చిన్న రంధ్రం వేశాను. బుస్సుమని నల్లటి నీళ్లు నా చేతుల మీద పడ్డాయి. ఆ కంపుకు ఇంజినీరమ్మాయి ముక్కు మూసుకుని నాలుగడుగులు వెనక్కి వేసింది. ఊరందరికీ మంచినీళ్లు తాగండర్రా అని చెప్పిన మహాతల్లి కాలిలో ఏళ్ల తరబడి మురుగునీళ్లు! ఆవిడే ఆ సీసాలో పట్టి చూసుకోవాల్సిన నీళ్లు.

రంధ్రంలో కొలబద్ద పెట్టి కంచు మందం చూశాను. ఆరు మిల్లీమీటర్లు. పాత కాగితాల్లో రాసిన లెక్క కూడా ఆరే. నేనే తప్పు చూశాననుకుని కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాను. చీలిక పొడవునా ఐదు చోట్ల కొలిచాను. ఒక్క చోట కూడా తగ్గలేదు.

సన్నటి తీగ కొసన కెమెరా ఉంటుంది, దాన్ని నడుము వెనక బిళ్ల ఊడదీసి లోపలికి వదిలాను. చేతిలోని చిన్న తెర మీద ఇద్దరం చూశాం. కుడి బూటు అడుగు దాకా ఖాళీ. ఎడమ బూటు చీలమండ దాకా ఖాళీ, అక్కడి నుంచి కింద నిండా ఎర్రటి మట్టి. మట్టిలోంచి కడ్డీ ముక్కలు పొడుచుకొచ్చి ఉన్నాయి, తుప్పు పట్టి, పొరలు పొరలుగా ఉబ్బి, వేలు లావు ఉండాల్సినవి మణికట్టు లావయ్యాయి. వాన పడినప్పుడల్లా పాత అతుకుల సందుల్లోంచి దిగిన నీళ్లు ఆ మట్టి తాగింది. ఇనుము ఉబ్బింది, కంచును పగలదీసింది. మైనానికీ ఈ చీలికకూ ఏ సంబంధమూ లేదు.

నేను దిమ్మె మెట్టు మీద కూర్చుండిపోయాను. మామ గుమ్మం గుమ్మం ఎక్కి చెప్పుకున్నది అక్షరాలా నిజం. ముప్పై ఏళ్లు ఒక మనిషిని చెయ్యని తప్పుకు వెలేసి కూర్చున్నాం.

“మరి ఆ మట్టి అక్కడెందుకుందండీ?” అంది ఇంజినీరమ్మాయి.

నా తలలో లెక్క చకచకా తేలిపోయింది. మట్టి తవ్వింది నేను. పదకొండు రోజులు తవ్వాను, రెండు బూట్లూ అడుగు దాకా. ఆఖరి రోజున లేచి నిలబడి ‘అయిపోయింది నాన్నా’ అన్నది కూడా నాకు బాగా గుర్తు. నేను ఖాళీ చేసిన కాలిలో మళ్లీ మట్టి ఉందంటే తర్వాత ఎవరో కూరారన్నమాట. పాత మేస్త్రులకు ఒక పాడలవాటు ఉంది. దిమ్మె మీద విగ్రహం ఒరగకుండా కాళ్లలో మట్టీ ఇనుప ముక్కలూ కుక్కి బరువు కడతారు. బిళ్ల అతికించి మూసింది మా నాన్న. ఇంకెవరు కూరతారు?

“రేపు చెబుతాను,” అని, చీలికలోంచి పట్టకారుతో మట్టి పెళ్లొకటి తీసి గుడ్డలో మూటగట్టుకుని ఇంటిదారి పట్టాను. దారి పొడవునా మా నాన్నను తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టుకున్నాను.

మా నాన్నకు ఎనభై రెండేళ్లు. షెడ్డులో స్టూలు మీద కూర్చుని, నేను చేసిన ప్రతి పనికీ వంక పెట్టడం ఆయన ఉద్యోగం. నేను వెళ్లేసరికి ఒక కంచు గంటను గరుకు గుడ్డతో రుద్దుతున్నాడు.

“నాన్నా, డాక్టరమ్మ ఎడమ బూటులో మట్టి కూరావా నువ్వు?”

“ఏ మట్టి?”

“నాకు తెలీదనుకోకు. కంచు ఆరుకి ఆరూ ఉంది, ఐదు చోట్ల కొలిచాను. మామ తప్పు ఇసుమంతైనా లేదు. నీ మట్టి వల్ల పగిలింది ఆ బూటు. నీ వల్ల ఆయన బతుకు కొవ్వొత్తుల పాలైంది.”

నాన్న రుద్దడం ఆపలేదు. “వాడి తప్పు లేదని తెలుసు,” అన్నాడు.

“తెలుసా! ఎప్పటి నుంచి తెలుసు?”

“అప్పటి నుంచే.”

ఇక నేను ఆగలేదు. ఒక్క గ్లాసులో టీ తాగిన స్నేహితుణ్ణి నట్టేట ముంచావన్నాను. నీ చేతి కింద పని నేర్చుకున్నానని చెప్పుకోవడానికి సిగ్గుగా ఉందన్నాను. ఇంకా చాలా అన్నాను. అన్నీ విన్నాడు. నేను ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు, “మట్టి ఏమైనా తెచ్చావా?” అన్నాడు.

మూట విప్పి ఆయన ముందు పడేశాను.

“నా కళ్లకు ఆనట్లేదు. ఏ రంగు?”

“ఎరుపు.”

“గోటితో గిల్లి చూడు.”

గిల్లాను. గోరు దిగలేదు. ఇటుకను గిల్లినట్టుంది.

“నేను తర్వాత కూరితే అది పచ్చిమట్టి కదే అమ్మాయ్,” అన్నాడు నాన్న మెల్లగా. “ఇన్నేళ్లు నీళ్లలో నానితే బురదైపోయుండేది. ఇది కాలిన మట్టి. పోతనాడు నిప్పులో ఉన్న మట్టి. ఆనాటి నుంచీ అక్కడే ఉంది. దాన్ని ఎవరూ కూరలేదు.”

కూరలేదంటే తవ్వలేదని. తవ్వాల్సిన చెయ్యి ఎవరిదో ఆయన అనలేదు. అననక్కర్లేదు.

అప్పుడు ఆ పదకొండో రోజు నాకు గుర్తొచ్చింది. గుర్తు రావడమంటే, అంతకుముందు గుర్తున్నది పక్కకు జరిగి వెనకున్నది కనబడింది. చెయ్యి భుజం దాకా కన్నంలో ఉంది. చెంప కంచుకు ఆనించి ఉన్నాను. ముక్కులో ధూళి. మోచేతి నిండా దద్దుర్లు. ఎడమ బూటు చీలమండ దగ్గర సన్నబడుతుంది. అక్కడ మట్టి గీకే పొడవాటి ఇనుప తీగ కొసకు గట్టిగా ఏదో తగిలి టక్కుమంది. అదే అడుగు అనుకున్నాను. లోపల తీగ ఎంత దిగిందో బయట కాలికి ఆనించి కొలుచుకోవాలని నాన్న నేర్పాడు. కుడి బూటుకు కొలిచాను. ఎడమ బూటుకు కొలవలేదు. కొలిస్తే ఇంకా జానెడు మట్టి ఉందని తేలుతుంది, ఇంకో రెండు రోజులు ఆ కన్నం పక్కన చెంప ఆనించుకుని ఉండాలి. అది అడుగే కావాలని నాకు ఉంది. అందుకని అది అడుగైపోయింది.

“నీకెలా తెలిసింది?” అన్నాను చివరికి.

“చీలిక వచ్చినప్పుడు వేలి కణుపుతో రెండు బూట్లూ కొట్టి చూశాను. ఒకటి ఖంగుమంది. ఒకటి మొద్దుగా పలికింది.”

“మరి కమిటీకి చెప్పలేదేం? నాకైనా చెప్పలేదేం?”

“ఏమని చెప్పను? పోత పనిలో ఆడపిల్లేంటని అందరూ కాచుకుని కూర్చున్నారు. నీకు అప్పుడప్పుడే సొంతంగా పనులొస్తున్నాయి. నీకింకా పేరు రాలేదు. వాడికి ఇరవై ఏళ్ల పేరుంది, తట్టుకుంటాడులే అనుకున్నా.”

“తట్టుకున్నాడా?”

నాన్న గంట పక్కన పెట్టాడు. “మొహం చెల్లక వాడికి పని ఇవ్వలేకపోయాను. ఎదురుగా కూర్చుంటే ఎప్పుడో నోరు జారతానని భయం,” అన్నాడు. కాసేపటికి, “ఇప్పుడు రాయాల్సొస్తే నా పేరు రాయి. మేస్త్రిని నేను, చూసుకోవాల్సింది నేను. ఈ వయసులో నన్నెవడేం చేస్తాడు?” అన్నాడు.

“నా తప్పుకు ఒకసారి మామను బలిపెట్టావు. ఈసారి నువ్వు బలవుతానంటావా? నాకు ఇంకెంతమంది కావాలి నాన్నా?” అన్నాను. అంటుంటే ఏడుపొచ్చింది. ఆయన మీద కోపమే ఎక్కువో, నా మీద ప్రేమతో ఆయన చేసిన పాపం చూసి జాలే ఎక్కువో నాకు తెలియలేదు.

రోషంగా అన్నంత తేలిక కాదు రాయడం. మర్నాడు పొద్దున నీటి ఆఫీసులో ఇంజినీరమ్మాయి కాగితం నా ముందు పెట్టింది. ‘లోపానికి కారణం’ అని ఒక గడి, కింద నాలుగు గీతలు. నేను కలం పట్టుకుని కిటికీలోంచి డాక్టరమ్మ వీపు చూస్తూ కూర్చున్నాను.

“కాలం గడిచి లోహం బలహీనపడింది అని రాసేయండి మేస్త్రమ్మగారూ. ముప్పై ఆరేళ్లంటే ఎవరూ అడగరు. ఎవరికీ ఇబ్బంది ఉండదు,” అంది. మంచి పిల్ల. నా మొహం చూసి ఏదో కనిపెట్టే అంది.

మొదట అలాగే రాద్దామనుకున్నాను. అబద్ధం కూడా కాదు, కాలం గడిచిన మాట నిజమే కదా. మామకు ఎనభై దాటాయి, ఇప్పుడు ఆయన కొత్తగా విగ్రహాలు చేసేదేముంది? నా షెడ్డులో నన్ను నమ్ముకుని పనిచేసేవాళ్లు నలుగురున్నారు. మట్టి తవ్వడం చేతగాని మేస్త్రమ్మ అని ఊరంతా అంటే రేపు నాకెవరు పని ఇస్తారు? చచ్చిన పామును ఎందుకు మళ్లీ కొట్టడం? ఇలా ఒక్కొక్కటే సర్దిచెప్పుకుంటూ, కాలం అన్న మాట రాసేశాను కూడా.

కింద ఆవరణలో కాలేజీ పిల్లలు పదిమంది తాడు చుట్టూ మూగి ఉన్నారు. టీ ఆయన గొంతు పైదాకా వినబడుతోంది. “కోటుకొచ్చేసరికి చెయ్యి వణికింది, బూటుకొచ్చేసరికి మిగిలిన మైనం ఇంటికి పట్టుకుపోయాడు!” పిల్లలు పగలబడి నవ్వారు. వాళ్లలో ఎవరికీ ఇరవై ఏళ్లుండవు. వాళ్లు పుట్టకముందు నేనన్న మాట, వాళ్ల నోళ్లలో పడి ఇంకో యాభై ఏళ్లు బతుకుతుంది. పాము చచ్చిందని ఎవరన్నారు?

రాసిన మాట కొట్టేసి, మొదటి నుంచీ రాశాను. కంచు మందం సరిగ్గా ఉంది. మైనం పని చేసినవారి లోపం ఏమీ లేదు, వారి మీద గతంలో రాసినది తప్పు. ఎడమ బూటులో లోపలి మట్టి తవ్వకుండా వదిలేయడం వల్ల విగ్రహం పగిలింది. తవ్వింది నేను. కింద సంతకం పెట్టాను.

ఇంజినీరమ్మాయి రెండుసార్లు చదివింది. “ఇలా రాస్తే రిపేరు పని మీకివ్వడానికి వీల్లేదండీ. పాత లోపానికి కారణమైనవాళ్లకు ఇవ్వకూడదని రూలు.”

“తెలుసమ్మా.”

“ఒక్క రోజు ఆలోచించుకోండి, మేస్త్రమ్మగారూ.”

“ఆలోచించుకోవడానికి మా నాన్న నాకు ముప్పై ఏళ్లు గడువిచ్చాడు. అది చాలు,” అన్నాను. తర్వాత, ఈ కాగితానికి ఒక నకలు కావాలని అడిగాను.

కిందికి దిగి టీ ఆయనతో, “ఇకమీదట ఆ కథ మార్చి చెప్పు. మైనం సరిగ్గానే ఉంది. మట్టి తవ్వడానికి బద్ధకించిన పిల్ల ఒకతి ఉండేది, ఆ పిల్ల నేనే,” అన్నాను. ఆయన నా మొహంలోకి చూసి, నేను వేళాకోళం ఆడట్లేదని తేలాక, తల గోక్కున్నాడు.

“అలా చెప్తే ఎవరూ నవ్వరమ్మా,” అన్నాడు.

మామ ఇంటికి రమ్మని నాన్నను అడిగాను. చొక్కా మార్చుకున్నాడు, చెప్పుల దాకా వచ్చాడు, అక్కడ ఆగిపోయాడు. “నువ్వెళ్లు ముందు,” అన్నాడు. నేను బలవంతపెట్టలేదు.

ఊరి చివర రెండు గదుల ఇల్లు. ముందు గదంతా మైనం వాసన. గోడ పొడవునా బల్ల, బల్ల మీద కొవ్వొత్తులు. అంత లావు కొవ్వొత్తులు నేనెక్కడా చూడలేదు, ఒక్కొక్కటి నా మణికట్టంత ఉంది. మామ కిటికీ దగ్గర కూర్చుని ఒకదాన్ని వత్తి పట్టుకుని కరిగిన మైనంలో ముంచి తీస్తున్నాడు. బాగా చిక్కిపోయాడు. వేళ్లు మాత్రం వణకడం లేదు.

“ఎవరూ?” అన్నాడు.

చెప్పాను. కాసేపు చూశాడు. “మేస్త్రి కూతురివా! ఎంత పెద్దదానివైపోయావే,” అని లోపలికి కేకేశాడు, “ఏమేవ్, ఎవరొచ్చారో చూడు!”

అత్త చెయ్యి తుడుచుకుంటూ వచ్చి నాకు స్టూలు వేసింది. నేను కొవ్వొత్తులకేసి చూడడం చూసి, “కొనేవాళ్లు తిడుతున్నారమ్మా, వత్తి మైనంలో మునిగి ఆరిపోతోందని. చెప్తే వినడు. చాల్లే అనేలోపు ఇంకో పూత వేస్తాడు,” అంది.

చిన్నప్పుడు నువ్వు అని పిలిచిన మనిషి. ఇప్పుడు నోటికి మీరు అని వచ్చింది. “మామయ్యా, మీకొక మాట చెప్పాలి. డాక్టరమ్మ బూటు మళ్లీ పగిలింది. లోపల చూశాను. తప్పు మీది కాదు. నాది. మట్టి తవ్వాల్సిన చోట నేను తవ్వలేదు.” దారి పొడవునా కూర్చుకున్న మాటలు నాలుగు ముక్కల్లో అయిపోయాయి. కాగితం ఆయన ముందు పెట్టాను. “మీకు ఆ పాడుపేరు పెట్టింది కూడా నేనే. మీరేమన్నా పడతాను.”

మామ కాగితం ముట్టుకోలేదు. చేతిలో కొవ్వొత్తి అలాగే పట్టుకున్నాడు, కొసన మైనం బొట్టు గట్టిపడింది.

“కాదమ్మా,” అన్నాడు. “తప్పు నాదే.”

“మామయ్యా, నేను కొలిచాను...”

“మొదట్లో నేనూ కాదనే అన్నాను. ఎంతమందికి చెప్పుకున్నానో మీ అత్తను అడుగు. అందరూ అదే అంటుంటే, ఏమోలే అనుకున్నాను. ఇప్పుడు నాకు బాగా గుర్తొచ్చింది. ఆ రోజు తొందరలో ఉన్నాను. ఎడమ బూటు దగ్గర రెండో పూత వెయ్యలేదు. ఇదిగో, ఈ వేళ్లకు తెలుసు. పలచగా తగిలింది. అయినా వదిలేశాను.” ఎవరికో అప్పజెప్పుతున్నట్టు నెమ్మదిగా, వివరంగా చెప్పాడు. “మీ నాన్న మంచివాడు, ఒక్క మాట అనలేదు.”

నేను చెయ్యని పని చేసినట్టు ఇన్నేళ్లు గుర్తుపెట్టుకున్నాను, హాయిగా బతికాను. ఈయన చేసిన పని చెయ్యనట్టు గుర్తు తెచ్చుకుని, ఆ గుర్తుతో రోజూ కొవ్వొత్తులకు పూత మీద పూత వేస్తున్నాడు. తిట్టి ఉంటే ఎంత బాగుండేదో. కొట్టినా పడేదాన్ని.

స్టూలు దగ్గరకు జరుపుకుని ఆయన చెయ్యి పట్టుకున్నాను. “లేదు మామా. వేశావు. రెండో పూత వేశావు. ఐదు చోట్ల కొలిచాను. ఆరంటే ఆరే ఉంది. చీలమండ దగ్గర కూడా ఆరే.”

“మడమ దగ్గర?”

“ఆరే.”

“వేశానంటావా?”

“వేశావు మామా.”

అత్త గోడకు ఆనుకుని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మామ కొవ్వొత్తి కింద పెట్టి, ఆ కాగితం తీసుకుని, చదవకుండానే ఒళ్లో పెట్టుకున్నాడు. కిటికీకేసి చూస్తూ కూర్చున్నాడు. కాసేపటికి నాకేసి తిరిగి, నేను మొదటిసారి చెబుతున్నట్టు, “రెండో పూత వేశానా?” అని మళ్లీ అడిగాడు. వేశావు మామా అన్నాను. పొద్దుగూకేదాకా అక్కడే కూర్చున్నాను. ఆయన ఎన్నిసార్లు అడిగాడో అన్నిసార్లూ చెప్పాను.